రెండు డిగ్రీల వాలు

గోల్ఫ్ కర్రలు రూపొందించే పెద్దాయన పదింటికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పదింబావు దాకా అలాగే ఉన్నాడు. ఒళ్లో ఉన్న కాగితాల కట్టను గాలికి ఎగిరిపోతుందేమో అన్నట్టు రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు. కిటికీలు మూసే ఉన్నాయి.

అపరాధ పరిశోధకుడు తొందరపెట్టలేదు. ఆయన కోటు జేబులో ఎప్పుడూ ఆరంగుళాల ఉక్కు స్కేలు ఉంటుంది. అందుకని ఊళ్లో ఆయన్ని కొలబద్ద అంటారు. పక్క బల్ల దగ్గర కూర్చున్న సహాయకురాలు పద్దెనిమిదేళ్లు పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి. తన కంటికి దొరకని తప్పు ఆయన కంటికి దొరుకుతుందని ఆమె నమ్మకం. ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు.

"నా పటర్ దొంగిలించారండీ" అన్నాడు పెద్దాయన చివరికి. "కర్ర కాదు. దాని ఊహ."

పటర్ అంటే బంతిని గుంతలోకి దొర్లించే కర్ర. ఆయన చేసిన పటర్ తల అడుగున ఒక గాడి ఉంటుంది, అందులో రబ్బరు. బంతి తగిలినప్పటి అదురు ఆ రబ్బరు దగ్గరే ఆగిపోతుంది, మణికట్టు దాకా రాదు. ముప్ఫై రెండేళ్ల పనిలో ఇంతకన్నా మంచిది తను చేయలేదని ఆయన చెప్పాడు. పోయిన ఏడాది మార్చి పదిహేనో తేదీన పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. అదే నెల పన్నెండున ఒక పెద్ద కంపెనీ అదే గాడికి దరఖాస్తు పెట్టింది. ఆ సంగతి పోయిన వారం ప్రభుత్వ పత్రికలో అచ్చయ్యాక తెలిసింది. మూడు రోజుల తేడాతో పేటెంటు వాళ్లకు పోతుంది. తన గాడి తను వాడుకోవాలన్నా వాళ్ల అనుమతి కావాలి.

"ఊహ ఎలా వచ్చింది?" అడిగాడు కొలబద్ద.

"ఒక పొద్దున లేచేసరికి చేతుల్లో ఉంది. అంతే."

గాడి సంగతి తెలిసినవాళ్లు ముగ్గురే అన్నాడు. కంప్యూటర్ మీద బొమ్మలు గీసే కూతురు, తలలు సానపట్టే తమ్ముడు, దరఖాస్తు రాసిన లాయరు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా అన్నాడు.

"ఈశ్వరుడి దగ్గర కొలబద్ద లేదు లెండి" అంది సహాయకురాలు. తర్వాత నాలుక కరుచుకుంది. పెద్దాయన నవ్వలేదు. కొలబద్ద స్కేలు తీసి చూసుకున్నాడు.

ఆయన వెళ్లాక రెండు దరఖాస్తుల్లోని పటర్ తల బొమ్మల్ని ఆమె ఒక కొలతకు తెచ్చి, ఒకదాని మీద ఒకటి కిటికీ అద్దానికి ఆనించింది. గాడి ఒక్కటి తప్ప అన్ని గీతలూ కలిశాయి. పెద్దాయన గాడి నిట్టనిలువుగా ఉంది. కంపెనీ గాడి రెండు డిగ్రీలు పక్కకు వాలింది. ఆ వాలు ఎందుకో వాళ్లు అరపేజీ శాస్త్రం కూడా రాశారు.

"దొంగతనం కప్పిపుచ్చడానికి వంచారేమో" అంది.

"కప్పిపుచ్చేవాడు కంటికి కనబడేలా మారుస్తాడు. రెండు డిగ్రీలు ఎవరు మారుస్తారు?"

ఆ మధ్యాహ్నమే కార్ఖానాకు వెళ్లారు. పొడుగాటి గది. ఒక గోడకు అల్మరా, అందులో తాళం కింద ఐదు నమూనా తలలు. తాళంచెవి పెద్దాయన మెడలోనే ఉంది. ఐదు గాడులనూ కొలబద్ద స్కేలుతో చూశాడు. అన్నీ యంత్రం కోసినవే, అన్నీ నిట్టనిలువే.

పెద్దాయన బల్ల మీద చట్రం కట్టిన ఫొటో ఒకటి ఉంది. ఆరేళ్ల కిందట పోయిన ఆయన భార్య గడ్డి మీద మోకాళ్ల మీద కూర్చుని, కర్రను భుజాన వేసుకుని నవ్వుతోంది. వెనక పదిమంది ఆటగాళ్లు నిలబడి ఉన్నారు. కొలబద్ద ఫొటోను చాలాసేపు చూసి యథాస్థానంలో పెట్టాడు.

కూతురు దాపరికం లేకుండా చెప్పింది. పోయిన ఏడాది ఆ కంపెనీలో ఉద్యోగానికి వెళ్లి ఇంటర్వ్యూ ఇచ్చింది నిజమే. నాన్నకు చెప్పలేదు. ఉద్యోగం రాలేదు. గాడి బొమ్మ వాళ్లకు ఇచ్చి ఉంటే వచ్చేదేమో అంది. పత్రిక వచ్చిన రోజు ఏం జరిగిందని అడిగితే, నాన్న నాలుగో పేజీలో గాడి బొమ్మ చూసి కూలబడ్డాడని చెప్పింది. "బాబాయ్ మాత్రం మొదటి పేజీ దాటలేదండీ. దాన్నే మళ్లీ మళ్లీ చదివాడు. అందులో పేర్లు తప్ప ఏమీ లేవు."

లాయరు ఫోనులో తన తప్పు లేదన్నాడు. నాలుగో తేదీకే సంతకాలు అయిపోయాయి, అన్నగారు రూపకర్తగా పెట్టారు, తమ్ముడుగారు సాక్షిగా పెట్టారు. కొలతలు ఇంకోసారి చూసుకుంటానని అన్నగారే కాగితాలు పదకొండు రోజులు దగ్గర పెట్టుకున్నారు. "నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను" అన్నాడు.

తమ్ముడు సానచక్రం ఆపి టీ తెచ్చాడు. ఎడమచేత్తో ఇచ్చాడు. వేళ్ల కొసలు సున్నం రాసినట్టు తెల్లగా ఉన్నాయి. ఏళ్ల తరబడి తగిలిన చక్రం అదురుకు స్పర్శ పోయిందని, టీ వేడో చల్లనో పెదవికి తగిలితే గాని తెలియదని చెప్పాడు. అతని వెనక గోడకు లోహం అరగదీసే ఆకురాళ్లు వరసగా వేలాడుతున్నాయి. అన్నిటి పిడులూ ఒక పక్కే అరిగాయి.

వదినగారి కర్రల సంచి ఏమైందని కొలబద్ద అడిగాడు. ఆమె చనిపోయిన నెలకు అన్నయ్య చూడలేక తనకిచ్చేశాడని, ఇంట్లో ఉందని, రేపు తెస్తానని అన్నాడు. మర్నాడు తెచ్చాడు. సంచిలో పదమూడు కర్రలున్నాయి. పటర్ లేదు. ఎక్కడో పడిపోయిందన్నాడు. సహాయకురాలు అది రాసుకుంది.

శనివారం మధ్యాహ్నం నలుగురినీ కార్ఖానాలో కూర్చోబెట్టారు. లాయరు గడియారం చూసుకుంటున్నాడు. కొలబద్ద లేచి నిలబడలేదు. కూర్చునే మాట్లాడాడు.

బొమ్మ ఎవరూ దొంగిలించలేదని మొదలుపెట్టాడు. బొమ్మ దొంగిలించి ఉంటే కంపెనీ గాడి కూడా నిలువుగా ఉండేది. వాళ్లు బొమ్మ చూడలేదు, ఒక తలను చేతిలో పెట్టుకుని కొలిచారు. ఆ తలలో గాడి రెండు డిగ్రీలు వాలి ఉంది. రహస్యమంతా ఆ వాలులోనే ఉందనుకుని అరపేజీ రాశారు. అందులో రహస్యమేమీ లేదు. ఎడమచేతివాటం మనిషి ఆకురాయితో గాడి తీస్తే అది అటు వాలుతుంది. అల్మరాలోని ఐదూ యంత్రం కోసినవి. అంటే ఆరోది ఒకటుంది.

తమ్ముడు తన చేతుల్ని చూసుకుంటున్నాడు.

"నువ్వా?" అన్నాడు పెద్దాయన. "నువ్వట్రా?"

"కాస్త ఆగండి. ఆ ఆరోది ఎప్పటిదో చూడండి" అని కొలబద్ద బల్ల మీది ఫొటో తీసి ఆయన చేతికిచ్చాడు, స్కేలుతో ఒక చోటు చూపించాడు. భార్య భుజం మీది కర్ర తల కెమెరా వైపు తిరిగి ఉంది. అడుగున గాడి ఉంది. వాలి ఉంది.

పెద్దాయన ఫొటోను కళ్ల దగ్గరకు తెచ్చుకున్నాడు. ఆరేళ్లుగా రోజూ చూస్తున్న ఫొటో. ఆమె ముఖం తప్ప అందులో ఇంకేమైనా ఉందని ఆయనకు తెలియదు.

"వదినకి మణికట్టు నొప్పిగా ఉండేది" అన్నాడు తమ్ముడు. "ఆట మానేస్తానంది. రెండు వారాలు కూర్చుని మన పటర్ తలకే ఆకురాయితో గాడి తీశాను. అప్పటికి వేళ్లకి స్పర్శ ఉంది. నీకు చెప్పొద్దంది. నొప్పి సంగతి తెలిస్తే ఆడనివ్వవని."

"మరి నాకెలా..."

"ఆమె పోయాక ఆ సంచి ఒకసారి తెరిచారా?" అడిగాడు కొలబద్ద.

పెద్దాయన ఫొటోను ఒళ్లో పెట్టుకుని చెప్పాడు. ఒక్కసారి తెరిచాడు. పెరట్లో ఆమె పటర్‌తో నాలుగు బంతులు కొట్టాడు. కన్నీళ్లకు ఏమీ కనబడలేదు. మర్నాడే సంచి తమ్ముడికి ఇచ్చేశాడు.

"కళ్లు చూడలేదు. చేతులు గుర్తుపెట్టుకున్నాయి. నాలుగేళ్ల తర్వాత ఒక పొద్దున మీ చేతుల్లో ఉన్నది అదే" అన్నాడు కొలబద్ద.

తమ్ముడు మిగతాది తనే చెప్పాడు. అన్నయ్య కొత్త బొమ్మ చూపించిన రోజు అతనికి సంతోషమే అయింది. వదిన పటర్‌ను గుర్తుపట్టాడనుకున్నాడు. ఇవాళ చెబుతాడు, రేపు చెబుతాడు అని చూశాడు. నాలుగో తేదీన లాయరు ఆఫీసుకు రమ్మన్నారు. శుభ్రమైన చొక్కా వేసుకుని వెళ్లాడు.

"పేరు రాయడానికి పిలిచావనుకున్నాను అన్నయ్యా. కలం ఇచ్చి సాక్షి అని ఉన్న చోట వేలుపెట్టి చూపించావు. నేను చేసినదానికి నన్నే సాక్షి చేశావు."

"నోరు తెరిచి ఒక్కమాట అంటే సరిపోయేది కదరా."

"ముప్ఫై రెండేళ్లలో నువ్వు ఒక్కసారి అడిగుంటే చెప్పేవాణ్ని."

ఆ వారంలోనే సానచక్రాల కొట్టులో కంపెనీ మనిషి కలిశాడు. గాడి సంగతి తమ్ముడి నోట విని, దరఖాస్తులో రూపకర్త గడిలో నీ పేరే వేస్తామన్నాడు. తమ్ముడు ఇంకేమీ అడగలేదు. వదిన పటర్ ఇచ్చేశాడు. పత్రిక వచ్చిన రోజు మొదటి పేజీ మళ్లీ మళ్లీ చదివింది అందుకే. అందులో కంపెనీ ఇంజనీర్ల పేర్లు మూడున్నాయి. తనది లేదు.

"రెంటికీ చెడ్డ రేవడినయ్యాను" అన్నాడు, నవ్వబోయి.

కూతురు లేచి వెళ్లి అతని పక్కన కూర్చుంది.

లాయరు గొంతు సవరించుకున్నాడు. ఈ ఫొటోతో కంపెనీ దరఖాస్తును కొట్టేయించవచ్చన్నాడు. అయితే కత్తికి రెండు వైపులా పదునుంది. దరఖాస్తుకు ఏళ్ల ముందే ఆ కర్రతో ఆమె నలుగురిలో ఆడిందని ఈ ఫొటోయే చెబుతోంది. నలుగురిలో వాడిన వస్తువుకు చట్టం పేటెంటు ఇవ్వదు. ఫొటో బయటపెడితే గాడి కంపెనీది కాదు, అన్నగారిదీ కాదు, తమ్ముడిదీ కాదు. ఎవరైనా చేసుకోవచ్చు. బయటపెట్టకపోతే కంపెనీదవుతుంది, లేదా ఏదో ఒక రాజీ చేసుకుని ఇంత వాటా తెచ్చుకోవచ్చు.

"అభ్యంతరం పెడితే, గాడి చేసిందెవరో అందులో రాస్తారా?" అడిగాడు పెద్దాయన.

"రాస్తాం. దానివల్ల హక్కేమీ రాదు. కాగితం మీద ఉంటుంది, అంతే."

"రాయండి."

లాయరు అక్కడే టైపు చేశాడు. మూడు పేరాలు. చేసినవారు అని ఒక గీత, దాని కింద సాక్షి అని ఒక గీత. తమ్ముడు ఎడమచేత్తో కలం తీసుకున్నాడు. అది వేళ్లలోంచి జారి పడింది. మళ్లీ తీసుకున్నాడు. మళ్లీ జారింది. మూడోసారి పిడికిలితో ఆకురాయిని పట్టుకున్నట్టు పట్టుకుని, తన పేరు పూర్తిగా రాశాడు. అక్షరాలన్నీ ఒక పక్కకు వాలాయి. కాగితం కదలకుండా అన్న రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు.

తర్వాత అన్న కలం తీసుకుని సాక్షి దగ్గర సంతకం చేశాడు.

తమ్ముడు తన ఏప్రన్ మేకు నుంచి తీసి మడతపెట్టాడు. ఆకురాళ్లు తీసుకోలేదు.

"సోమవారం వస్తావా బాబాయ్?" అడిగింది కూతురు.

అతను అన్న వైపు చూశాడు. "చేతులు పోయాయి కదమ్మా" అని బయటికి వెళ్లాడు.

కొలబద్ద లేచాడు. సహాయకురాలు పుస్తకం మూసింది. కేసు పట్టికలో దొంగ పేరు రాయాల్సిన గడి ఆమె ఖాళీగానే వదిలేసింది. ఆయన చూసి కూడా దిద్దమనలేదు. తలుపు దాకా వచ్చి ఇద్దరూ వెనక్కి తిరిగి చూశారు. సిరా ఎప్పుడో ఆరిపోయింది. పెద్దాయన ఇంకా ఆ కాగితాన్ని రెండు చేతులా అదిమి పట్టుకునే ఉన్నాడు.