కోళ్ళ కోసం మునిమాపు

పగలు ఆరిపోయింది. కొత్తగెడ్డ కాలనీ పైన ఆకాశంలో పరిచిన పగటితెర, చలికాలం కావడంతో, అయిదింటికే వెలుగును కట్టేసింది. అంతవరకూ పెరటి గడపలో కూర్చుని బియ్యం ఏరుతున్న వరహాలమ్మకు చేతిలో ఉన్నది గింజో రాయో తెలియలేదు. చేట పక్కన పెట్టి, అలవాటు కొద్దీ లోపలికి వెళ్ళి గోడమీది వెలుగు కుళాయి తిప్పింది. గదిలో తెల్లటి వెలుగు పడింది. సందుకు అటూ ఇటూ ఉన్న ఇళ్ళన్నీ ఒక్కసారే వెలిగి, ఒక్కసారే తలుపులు మూసుకున్నాయి.

సందులో గోడవారగా ఉన్న కోళ్ళగూటిలో మాత్రం గోల మొదలైంది. కర్ర మీదికి ఎక్కకముందే చీకటి పడిపోవడంతో పెట్టలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ మూలకు చేరాయి. రోజూ ఇదే తంతు.

పగటితెర వచ్చి పాతికేళ్ళయింది. దానికి ముందు వేసవుల్లో జనం పిట్టల్లా రాలిపోయారు కాబట్టి దాన్ని తిట్టడానికి ఎవరికీ నోరు రాదు. చలికాలపు ఎండలో కొంత పట్టి నిలవచేసి, ఆ శక్తితోనే వేసవిలో ఊరిని చల్లగా ఉంచుతుంది. కొంత వెలుగును గొట్టాల ద్వారా ఇంటింటికీ పంపిస్తుంది. రాత్రి ఎనిమిదికి వెలుగు కేంద్రంవాళ్ళు కుళాయిలు కట్టేస్తారు. ఇంత మంచి పని చేసిన నిపుణులు ఒక్క చోట పిసినారితనం చూపించారు. సాయంత్రం మసకబారే ఆ కాసేపు ఎందుకూ కొరగాదని తేల్చారు. పని చేసుకుందామంటే వెలుగు చాలదు, నిద్రపోదామంటే చీకటి చాలదు. అందుకని దాన్ని కత్తిరించి పారేశారు. మునిమాపు పోయిందని ఎవరూ ఏడవలేదు కూడా.

వరహాలమ్మ ఏడుపు వేరు. ఆ మూడు పెట్టలూ, పుంజూ ఆమెవి కావు. ఎదురింటి సన్యాసమ్మ పాలికిచ్చింది. పాలికివ్వడమంటే, కోళ్ళు ఒకరివి, సాకేది మరొకరు; గుడ్లయినా పిల్లలయినా చెరిసగం. కాలనీలో ఎవరి వెలుగు వాళ్ళకు, ఎవరి తలుపు వాళ్ళకు అయిపోయిన రోజుల్లో, ఈ ఇద్దరు ఆడవాళ్ళనూ వదినా వదినా అనిపించింది ఆ పాలే. దసరా వెళ్ళాక పెట్టలు ఈకలు రాల్చాయి. కొత్త ఈకలు వచ్చాయి గానీ గుడ్డు రాలేదు. సరిగ్గా అప్పుడే వరహాలమ్మ మొగుడు గురువులు, బజారు నుంచి రెండు గుడ్లు తెచ్చుకుని ఘుమఘుమలాడేలా అట్టు వేసుకున్నాడు. ఆ వాసన తిన్నగా ఎదురింటికి పోయింది.

"పెట్టలు పెట్టనేదని నాకాడ ఏడుస్తావు. అట్టెక్కడిదే మరి?" అని అడిగింది సన్యాసమ్మ.

"బజారువి వదినా! నా మీద ఒట్టు."

"ఒట్టులు నాకొద్దు. పుష్యం ఎల్లేలోగా నా కంటికి గుడ్డు కనబడకపోతే నా పెట్టలు నాకిచ్చీ."

తలుపు మూసుకుంది. నెల్లాళ్ళుగా ఆ తలుపు తెరుచుకోలేదు. వరహాలమ్మకు కోళ్ళు పోతాయన్న బాధ ఒక పాలైతే, దొంగననిపించుకున్నానన్న బాధ మూడు పాళ్ళు. కాఫీ తాగినా చేదుగానే ఉంది.

ఆమె చెయ్యనిది లేదు. చోళ్ళు, అంటే రాగులు, నానబెట్టి పెట్టింది. నత్తగుల్లలు దంచి పోసింది. గూటికి గోనెపట్టా కట్టింది. చివరికి, చలికాలంలో పొద్దు చిన్నదైతే పెట్టలు గుడ్డు మానేస్తాయని ఎవరో చెబితే, ఇంట్లో కుళాయికి గొట్టం తగిలించి, గూటి దగ్గర దాని చివర పాత కుళాయి ఒకటి బిగించి, తన వాటా వెలుగంతా గూట్లోకి పంపింది. మొగుడూ పెళ్ళాం చీకట్లోనే అన్నం తిన్నారు. కోళ్ళు మాత్రం ఎనిమిది దాకా పట్టపగలనుకుని తిరిగాయి. ఎనిమిదికి కేంద్రంవాళ్ళు ఠక్కున కట్టేయగానే మళ్ళీ అదే తొక్కిసలాట. ఎర్రపెట్ట కాలు బెణికింది. భయంతో బిగుసుకుపోయిన కోడి గుడ్డేం పెడుతుంది?

ఒకరోజు గురువులు విసుక్కున్నాడు. "ఓలే, నా వాటా ఎలుగు కోళ్ళకి పోసీసి నన్ను గుడ్డోడ్ని చేసీసినావు. ఇయ్యాల ముందే కట్టేస్తాను." గూటి దగ్గరి కుళాయి తుప్పు పట్టి ఉంది. ఒక్కసారి తిరగలేదు. అతడు తిట్టుకుంటూ ఇంత తిప్పి ఆగాడు, చెయ్యి దులుపుకుని మరికాస్త తిప్పాడు, మళ్ళీ ఆగాడు. గూట్లో వెలుగు పలచబడింది, పసుపెక్కింది. బూడిదపెట్ట తల ఎత్తి అటూ ఇటూ చూసి, బుద్ధిగా కర్ర మీదికి ఎగిరింది. దాని వెనకే నల్లపెట్ట.

"ఆగయ్యా! తిప్పకు!" అని వరహాలమ్మ కేక పెట్టింది. "మెల్లగా తిప్పు. అచ్చం ఇలాగే."

చిన్నప్పుడు, తెర రాకముందు, పొద్దు వాలాక అమ్మ పిలుపుకు ఇంటికి పరుగెత్తిన జ్ఞాపకం ఆమె ఒంట్లో ఎక్కడో కదిలింది. చీకటి వస్తుందని ముందుగా కబురందడమే కోడికి కావలసింది. కానీ ఎర్రపెట్ట ఎక్కలేదు. ఎదురింటి కిటికీలోంచి పడుతున్న తెల్లటి వెలుగు చూస్తూ కిందే నిలబడింది. సందులో పది కిటికీలు భగభగలాడుతుంటే ఒక్క కుళాయి కట్టి లాభమేముంది?

అంటే సందులో అందర్నీ అడగాలి. సన్యాసమ్మతో సహా.

మిగతా ఇళ్ళు తేలికగానే ఒప్పుకున్నాయి. కొందరు నవ్వారు, కొందరు గుడ్డు వాటా అడిగారు. ఎదురింటి తలుపు ముందు మాత్రం వరహాలమ్మ చాలాసేపు నిలబడి, చివరికి తట్టింది.

"పెట్టలు నీవే వదినా. గుడ్డు పెడితే నీ కళ్ళ ముందే పెట్టాలని నా కోరిక. నీ కిటికీ ఎలుగు కాస్త మెల్లగా తగ్గించు. నన్ను నమ్మకపోయినా పర్లేదు, గుమ్మంలో నిలబడి నీ కోళ్ళని నువ్వే సూసుకో."

సన్యాసమ్మ తలుపు తీసింది. "సూస్తాను. సూడకుండా ఎలా వదుల్తాను?" అంది.

అందరూ కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నారు. సందు చివరి ఇల్లు ముందు కుళాయి తగ్గిస్తుంది. అది చూసి పక్కిల్లు, ఆపైన దాని పక్కిల్లు. అన్నిటికన్నా చివర గూటికి ఎదురుగా ఉన్న సన్యాసమ్మ. ఇందులో ఒక చిక్కుంది. పక్కిల్లు తగ్గించిందో లేదో తెలియాలంటే తలుపు తీసి గుమ్మంలో నిలబడాలి. కాబట్టి నిలబడ్డారు. మొదటి రోజు గందరగోళమే. ఒకాయన ఠక్కున కట్టేసి అందరిచేతా చీవాట్లు తిన్నాడు. తర్వాత చెయ్యి కుదిరింది. వెలుగు ఇంటింటికీ దిగుతూ వచ్చేది. గుమ్మాల్లో నిలబడ్డవాళ్ళు ఊరికే ఉండలేక ఏం కూరని అడిగారు, ఎవరి మోకాలు ఎలా ఉందని అడిగారు. పిల్లలు ఎవరూ చెప్పకుండానే ఆట ఆపి తల్లుల పక్కన చేరారు. ఎర్రపెట్ట కూడా కర్ర ఎక్కింది.

మూడో వారంలో, ఒక పొద్దున, నల్లపెట్ట గడ్డిలో గుడ్డు పెట్టి ఊరంతా చాటింది. వరహాలమ్మ దాన్ని ముట్టుకోలేదు. సన్యాసమ్మను పిలిచి చూపించింది. సన్యాసమ్మ వెచ్చటి గుడ్డు అరచేతిలో పెట్టుకుని, "తప్పుగా అన్నాను వదినా," అంది. ఇద్దరికీ కళ్ళు చెమ్మగిల్లాయి. పక్కనే గురువులు, బజారు అట్టు సంగతి ఇప్పటికైనా తేలినందుకు, మీసం దువ్వుకున్నాడు.

ఆ వారమే వెలుగు కేంద్రం నుంచి ప్రణీత అనే ఇంజనీరు వచ్చింది. ఊళ్ళో వీధులన్నిటి వెలుగూ ఎనిమిదికి గోడ కూలినట్టు పడిపోతుంటే, ఈ ఒక్క సందులో అంతకు ముందే మెట్లు దిగినట్టు తగ్గుతోందట. గొట్టం ఎక్కడో కారుతోందని అనుమానించింది. సంగతి విని హాయిగా నవ్వింది. మర్నాడు సాయంత్రం అరచేతి మందాన ఒక పెట్టె తీసుకొచ్చింది.

"దీనికి మసకపెట్టె అని పేరు పెట్టానండి. గూటికి తెర కట్టి ఇది బిగిస్తే బయటి వెలుగు పడదు, లోపల వెలుగును ఇదే మెల్లమెల్లగా తగ్గిస్తుంది. మీరెవరూ రోజూ ఇలా గుమ్మాల్లో నిలబడక్కర్లేదు."

మంచి పిల్ల. మనసు పెట్టి చేసింది. గురువులు పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. వరహాలమ్మ సన్యాసమ్మ వైపు చూసింది. కోళ్ళు ఆమెవి, మాట ఆమెదే.

"ఒద్దు తల్లీ," అంది సన్యాసమ్మ.

"సరిగ్గా పనిచేస్తుందండి. పరీక్షించాను."

"పనిచేస్తాది. కోళ్ళకి అది సాలు. మాకు సాలదు." ఆమె చీరకొంగు వేలికి చుట్టుకుంది. "ఒక గుడ్డట్టు వాసనకి నెల్లాళ్ళు తలుపేసుకున్న మనిషిని నాను. ఎలుగుంది, గోడలున్నాయి, ఇంకేటి కావాలనుకున్నాను. ఆ పెట్టొస్తే మళ్ళీ అందరం తలుపులేసుకుంటాం. నాకు తెలుసు నా సంగతి."

ప్రణీత పెట్టెను సంచిలో పెట్టుకుంది గానీ బయలుదేరలేదు. తెర వచ్చాక పుట్టిన పిల్ల. మునిమాపు ఆమెకు లెక్కల్లోంచి కొట్టేసిన అంకె మాత్రమే. వరహాలమ్మ గుమ్మంలో పీట వేస్తే కూర్చుంది.

సందు చివర మొదటి ఇల్లు పసుపెక్కింది. తర్వాతది. ఆ తర్వాతది. పెట్టలు ఒక్కొక్కటే కర్ర ఎక్కి, రెక్కలు సర్దుకుని గొణుక్కున్నాయి. ప్రణీత చేతులు ఒళ్ళో పెట్టుకుని, అంత చిన్న సందులో అంతసేపు చీకటి పడడం చూస్తూ ఉండిపోయింది. చివరగా సన్యాసమ్మ తన కుళాయి మెల్లగా తిప్పింది. ముందు గోడ పోయింది, తర్వాత గుమ్మం, తర్వాత ఆమె ముఖం.

ఎవరూ లోపలికి వెళ్ళలేదు.

"వదినా, ఉన్నావా?" అని చీకట్లోంచి సన్యాసమ్మ గొంతు వినిపించింది.

"ఉన్నానే," అంది వరహాలమ్మ.