ఇద్దరికీ సరిపోయే బండి

ధర్మసాగర్ చెరువు కట్ట మీద వీరభద్రం బుల్లెట్‌తో సహా బురదలో పడినప్పుడు చూసినవాళ్లు ఇద్దరే. ఒకరు చేపల గంప నెత్తిన పెట్టుకుని వస్తున్న మల్లక్క. ఇంకొకరు బడి వదిలాక గొడుగు వేసుకుని బస్సు కోసం నడుస్తున్న పంతులమ్మ.

అసలు పడవలసిన చోటు కాదది. వాన వెలిసి, మబ్బుల సందున కాస్త ఎండ కూడా వచ్చింది. ఆ పంతులమ్మ తన బండిని చూస్తుందా లేదా అని వీరభద్రం ఒక్కసారి మెడ తిప్పాడు. ఆమె చూడటం లేదు. చెప్పు బురదలో దిగకుండా ఎక్కడ అడుగు వేయాలా అని చూసుకుంటోంది. ఆ ఒక్క చూపుకే ముందు చక్రం పక్కకు జారింది.

లేచి నిలబడి, ప్యాంటు దులుపుకోబోయి, దులిపితే పోయేది కాదని తెలుసుకుని, హ్యాండిల్ పట్టుకుని లాగాడు. బండి జానెడు లేచి మళ్లీ పడుకుంది.

"ఉండండి, నేనూ ఒక చెయ్యి ఏస్త" అంది పంతులమ్మ.

"వద్దు వద్దు, నేను లేపుత."

మళ్లీ లాగాడు. ఈసారి బండి లేవలేదు, అతనే జారి దాని పక్కన కూర్చున్నాడు. పంతులమ్మ గొడుగు మూసి, కొంగు నడుముకు చుట్టి, వెనక క్యారియర్ పట్టుకుంది. మల్లక్క గంప దించింది. ముగ్గురూ కలిసి ఊపిరి బిగపట్టి లేపితే గానీ బుల్లెట్ నిలబడలేదు.

"కొడుకా, దీన్ని నువ్వు తోల్తానవా, ఇదే నిన్ను తోల్తాందా?" అంది మల్లక్క.

పంతులమ్మ నవ్వు ఆపుకోవడానికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చేతి బురద కాస్తా చెంపకు అంటుకుంది. "ఒక్కరే లేపరాని బండి ఎందుకు కొన్నరండి?" అని అడిగింది. వెక్కిరింపు కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది.

"బుల్లెట్ అంటే... ఒక ఇజ్జత్ ఉంటదండి."

ఆమె అతని మోకాళ్ల దాకా ఉన్న బురదను ఒకసారి చూసి, "ఉంటది, ఉంటది" అంది.

వీరభద్రం తండ్రి రామలింగానికి హన్మకొండ చౌరస్తాలో వ్యవసాయం మోటార్ల దుకాణం ఉంది. ఊళ్లల్లో మోటారు కాలిపోతే వెళ్లి విప్పి తెచ్చేదీ, బాగుచేసి మళ్లీ బిగించేదీ వీరభద్రమే. ధర్మసాగర్ నుంచి పరకాల దాకా అన్నీ మట్టి బాటలే. "అటు మోపెడ్ గాక, ఇటు బుల్లెట్ గాక నడిపి రకం బండి ఏదన్న చూస్కో రా, ఎజ్డీనో ఏదో" అని తండ్రి నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. బక్కపలచని వీరభద్రం వినలేదు. చౌరస్తాలో దడదడమని చప్పుడు చేసుకుంటూ పోతుంటే నలుగురూ తిరిగి చూడాలి, అంతే.

ఆ సాయంత్రం కుంటుకుంటూ ఇరానీ హోటల్లోకి వచ్చేసరికి స్నేహితుడు భాస్కర్ చాయ్ తాగుతున్నాడు.

"ఏమైంది రా? పడ్డవా?"

పడ్డాను అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ పక్క టేబుల్ వాళ్లు కూడా తలలు తిప్పారు. "పడలే, పడేసిన" అన్నాడు వీరభద్రం. "ధర్మసాగర్ కట్ట మీద ఎవలో పంతులమ్మ, గొడుగు అడ్డం పెట్టుకొని ముందు సూడకుంట బండికి ఎదురొచ్చింది. తప్పించనీకె పడేసిన."

"అబ్బో. మరి ఎవలు లేపిన్రు బుల్లెట్‌ను?"

"ఎవలు లేపుతరు? నేనే."

చాయ్ గొంతులో వేడిగా దిగింది. చెప్పినప్పుడే ఒంట్లో ఎక్కడో ముల్లు గుచ్చుకుంది కానీ, హోటల్లో అందరూ తనను చూస్తున్న తీరు బాగుంది. ఊరుకున్నాడు.

భాస్కర్ ఆ కథ దుకాణంలో చెప్పాడు. దుకాణం నుంచి ఇంటికి వచ్చింది. తల్లి సావిత్రి కొడుకుకు దిష్టి తీసి వాడకట్టంతా చెప్పింది. నోరు మారినకొద్దీ పంతులమ్మకు చూపు తగ్గుతూ వచ్చింది. శ్రావణం దాటేలోగా ఆమె పూర్తిగా గుడ్డిదైపోయింది, వీరభద్రం ఆమెను చేతుల మీద మోసుకొచ్చి ఒడ్డున పెట్టాడు.

ఇక్కడ ఇలా ఉండగా, వీరభద్రానికి ధర్మసాగర్ వైపు పనులు ఎక్కువయ్యాయి. కాలని మోటార్లను కూడా చూసి వస్తున్నాడు. బడి వదిలే వేళకు బస్టాపు దగ్గర బండి ఆగేది.

"ఇయ్యాల పడలేదా?" అనేది పంతులమ్మ.

"మీరు గొడుగు తెచ్చుకోలే గదా. వానొచ్చినప్పుడే పడుత."

"అయితే మబ్బు పట్టినప్పుడల్లా మల్లక్కను ఉండమని చెప్త."

మూడో తరగతికి చెబుతుందని, కాల్చిన మక్క కంకి అంటే ప్రాణమని తెలిసింది. పేరు అడిగితే, "పంతులమ్మనే అనండి, అందరు గట్లనే అంటరు" అని బస్సెక్కేసింది. బస్సు కదిలాక కిటికీలోంచి వెనక్కి చూసేది. ఆ చూపు కోసమే వచ్చినవాడు, ఆ చూపు పడగానే తల దించుకునేవాడు. హోటల్లో తాను అన్న మాట ఆమెకు తెలిస్తే ఎట్లా? ఈ రోజు చెప్పేస్తా అనుకుంటూ వెళ్లి, చెప్పకుండా తిరిగి వచ్చేవాడు.

అంతలో సావిత్రి ఒక సంబంధం చూసింది. వరంగల్ చౌరస్తాలో గాజుల దుకాణం సారంగపాణి గారి బిడ్డ. వీరభద్రం రానన్నాడు. ఎందుకు రావంటే చెప్పలేకపోయాడు. తల్లి తెల్లచొక్కా ఇస్త్రీ చేయించి తీసుకువెళ్లింది.

చాయ్ పళ్లెం పట్టుకుని పిల్ల వచ్చింది. వీరభద్రం తలెత్తి చూస్తే పంతులమ్మ. ఆమె కళ్లు ఒక్క క్షణం పెద్దవయ్యాయి. పెదవి చివర నవ్వు ఒకటి పుట్టి, పెద్దల ముందు ఎట్లాగో అణిగింది. వీరభద్రానికీ నవ్వొచ్చింది. ఇంత అదృష్టం ఎక్కడిది అనుకున్నాడు.

"మా అనసూయ బడిల చెప్తదమ్మా" అన్నాడు సారంగపాణి.

"పంతులమ్మంటే యాదికొచ్చింది అన్నా" అని సావిత్రి సర్దుకుని కూర్చుంది. వీరభద్రం ముందుకు వంగాడు. "అమ్మా, ఇప్పుడెందుకు" అన్నాడు. "నువ్వూకో రా, నీకు చెప్పుకునుడు రాదు" అని ఆమె మొదలుపెట్టింది. చెరువు కట్ట, వాన, కండ్లు కనిపించని పంతులమ్మ, కొడుకు ప్రాణానికి తెగించడం, ఒంటి చేత్తో బుల్లెట్ లేపడం. ఏదీ వదలలేదు.

సారంగపాణి ఆశ్చర్యంగా బిడ్డ వైపు తిరిగాడు. "మీ బడి గక్కడనే గద బిడ్డా. ఎవలామె? నీకు ఎర్కేనా?"

అనసూయ వీరభద్రాన్ని చూసింది. కోపంగా కాదు. జవాబు తెలిసీ నోరు విప్పని పిల్లవాడి కోసం ఆగినట్టు ఆగింది. వీరభద్రం చేతిలోని గాజు గ్లాసును చూస్తున్నాడు. చాయ్ మీద మీగడ కట్టింది.

"నాకు ఎర్కలేదు బాపు" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

మూడు రోజులకు, ఇప్పుడే పెళ్లి చేసే ఆలోచన లేదని కబురు వచ్చింది. కారణం చెప్పలేదు. సావిత్రికి తల కొట్టేసినట్టయింది. ఒక పొద్దున వాకిట్లో పక్కింటి సమ్మమ్మతో అంటోంది, "నౌకరి చేసే పిల్ల గద వదినె, కండ్లు నెత్తికెక్కినయ్. మా అసొంటోళ్లు కంటికి ఆనుతరా?"

లోపల అద్దం ముందు తల దువ్వుకుంటున్న వీరభద్రం అది విన్నాడు. అద్దంలో ముఖం చూసుకోలేకపోయాడు. తన పరువు కాపాడటానికి తండ్రి ముందు అబద్ధమాడిన పిల్ల. ఆ పిల్లను తన తల్లి వీధిలో నిలబెట్టి తిడుతోంది. దువ్వెన అక్కడ పడేసి బయటికి వచ్చాడు.

"అమ్మా, ఆ పంతులమ్మ ఆమెనే."

"ఏ పంతులమ్మ?"

"ఆమె నా బండికి అడ్డం రాలే. నా బండిని సూస్తాందా అని నేను సూడవోయి పడ్డ. బండి నాతోని లేవలే, ఆమె, ఇంకొక పెద్దమ్మ చెయ్యేస్తేనే లేచింది. నేను బురదల కూసున్న."

సమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నెమ్మదిగా తన ఇంట్లోకి జారుకుంది. సావిత్రి గడప మీద కూలబడింది. "ఎంతమందికి చెప్పిన్రా నేను" అంది. "ఆమె ముంగటనే చెప్పిన గద రా."

రామలింగం పేపరు దించి కొడుకును చూశాడు. తిట్టలేదు. తిడితే బాగుండునని వీరభద్రానికి అనిపించింది. "మాకు చెప్తే ఏమస్తది? ఆ ఇంట్ల చెప్పు పో" అన్నాడు తండ్రి.

వెళ్లేముందు ఒక పని చేశాడు. కాజీపేటలో రైలింజను డ్రైవరు కట్టయ్య చాన్నాళ్లుగా బుల్లెట్ అడుగుతున్నాడు. ఆరడుగుల మనిషి. వచ్చి, మేకపిల్లను లేపినట్టు ఒంటి చేత్తో స్టాండు వేసి, దించి, నడుపుకుని పోయాడు. అది అతనికే తగిన బండి. ఆ చప్పుడు దూరమవుతుంటే వీరభద్రానికి బెంగ వేయలేదు, భుజాలు మాత్రం తేలికయ్యాయి. తర్వాత తండ్రి చెప్పిన ఎజ్డీనే తెచ్చుకున్నాడు.

ఆదివారం. గాజుల దుకాణం నిండా ఆడవాళ్లు. సారంగపాణి ఒకామె చేతికి మట్టిగాజులు ఎక్కిస్తున్నాడు, అనసూయ పక్కన కూర్చుని డజన్లు కడుతోంది. వీరభద్రం మెట్ల దగ్గరే నిలబడ్డాడు. ఒంటరిగా చెబుదామనుకుని వచ్చాడు. కానీ అబద్ధం నలుగురిలో ఆడినవాడు నిజం చాటుగా చెప్పడమేమిటి అనిపించింది.

"మామా, మీ ఇంట్ల మా అమ్మ చెప్పింది అబద్ధం. ఆమెది తప్పు లేదు, ముందుగాల గట్ల చెప్పింది నేనే" అని మొదలుపెట్టి, తాను మెడ తిప్పడం దగ్గర్నుంచి బురదలో కూర్చోవడం దాకా చెప్పాడు. చెవులు కాలిపోతున్నాయి.

గాజులు వేయించుకుంటున్నామె చెయ్యి అట్లాగే ఉంచి అడిగింది. "అయితే ఆ పంతులమ్మ గుడ్డిది కాదా? మా వాడకట్టుల గట్లనే అనుకుంటాన్రు గద."

దుకాణంలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంత దూరం వచ్చిందా ఆ మాట అని వీరభద్రం నేల చూశాడు. "కాదమ్మా. నాకే కనిపించలే" అన్నాడు.

సారంగపాణి బిడ్డ వైపు తిరిగాడు. "ఎర్కలేదన్నవ్?"

"ఆయన చెప్తడేమోనని సూసిన బాపు. చెప్పలే. నేను చెప్తే ఆయన ఇంక తలెత్తకపోతుండె" అంటూ లేచి మెట్లు దిగింది. బయట ఉన్న బండిని చుట్టూ తిరిగి చూసింది. వీరభద్రం వెనకాలే వచ్చాడు.

"బుల్లెట్ ఏమైంది?"

"అమ్మిన."

"మరి దీంట్ల ఇజ్జత్ ఉంటదా?"

"ఆ మాట అడగకుండ్రి, మీకు దండం పెడుత."

"మోపెడ్ కొనకపోయిన్రా? అది ఇంకా అల్కగుంటది, బరువే ఉండది."

"అల్కనే. కానీ వెనక మోటారు కట్టుకొని పరకాల బాటల పోతే సగం దూరంల నిలవడ్తది. బుల్లెట్ బురదల దిగబడితే నాతోని బయటికి ఎల్లది. ఇది నడిపి రకం. బరువు మోస్తది, దూరం పోతది. బురద రాంగనే రెండు కాళ్లు కింద ఆనించుకుంట పోవచ్చు. పడితే..." ఆగాడు.

"పడితే?"

"పడుడు తప్పది గద. పడితే ఒక్కరు లేపొచ్చు. నేను గాని, వెనక కూసున్న మనిషి గాని."

ఆ మాట అనేశాక ఎక్కడ చూడాలో తెలియక హెడ్‌లైటు తుడవసాగాడు. అనసూయ సీటు మీద చెయ్యి వేసి చూసింది.

"ఎప్పుడు వెనకనే కూసోవాల్నా? ముందు కూసోవద్దా?"

వీరభద్రం తలెత్తాడు. "ముందు మీరు కూసుంటే, నేను లేపుత."

ఆమె నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి కష్టపడుతున్నట్టు మాత్రం కనిపించింది. "నేను ఇంకా ఔననలే, కాదనలే. మీ అమ్మగారిని ఒకసారి రమ్మనండి. ఆమె మనసుల ఏమున్నదో నాకు తెల్వాలె" అని లోపలికి పోయింది.

సావిత్రి వస్తానని రెండుసార్లు బయల్దేరి, రెండుసార్లు గడప దగ్గర ఆగిపోయింది. "ఏ మొకం పెట్టుకొని పోవాలె రా" అనేది. చివరికి ఒక మధ్యాహ్నం కొడుకు వెనక ఎజ్డీ మీద కూర్చుని వచ్చింది. దుకాణంలో బేరాలు లేవు. సారంగపాణి లేచి పీట వేసి, "కూసో చెల్లె" అని పక్కకు తప్పుకున్నాడు. సావిత్రి తల ఎత్తకుండా కూర్చుంది. ఏదో అనబోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. గాజులు వేయించుకునేదానిలా చెయ్యి ముందుకు చాపింది.

అనసూయ ఆ చేతిని తన ఒళ్లో పెట్టుకుని, వేళ్లు మెల్లగా ఒత్తి, కొలత చూసింది.

"ఏ రంగు ఎక్కియ్యాలె అత్తమ్మా?" అని అడిగింది.

మెట్ల కింద బండి దగ్గర నిలబడ్డ వీరభద్రం ఆ చివరి మాట విన్నాడు. లోపలికి రమ్మని ఇంకా ఎవరూ పిలవలేదు. పిలిచేదాకా ఎండలో అక్కడే నిలబడటానికి అతనికి ఏ అభ్యంతరమూ లేదు.