ఊపిరి పీల్చే గోడ

ఆ ఇంటి వెనక గదిలో ఎవరూ పడుకునేవాళ్లు కాదు. అద్దెకొచ్చిన ప్రతివాళ్లూ పాత సామాను అందులో పడేసి తలుపు వేసేసేవాళ్లు. ఎందుకని అడిగితే అందరిదీ ఒకటే మాట — ఆ గోడ ఊపిరి పీలుస్తుంది. రాత్రి బరబరా చప్పుడు... పొద్దున చూస్తే గోడకి పొట్ట.

ఇదంతా విని కూడా మా బావ ఆ ఇల్లే కొన్నాడు. లెక్కల మాస్టారు కదా, దెయ్యాలంటే నవ్వుతాడు. ఆ తర్వాత జరిగింది ఆయన నాకు చెప్పినట్టే చెప్తున్నాను, చివరి ముక్క తప్ప. అది నేను కళ్లారా చూశాను.

మా అక్క మాత్రం నవ్వలేదు. పసిపాపని ఎత్తుకుని మా ఇంటికొచ్చి కూర్చుంది. "ఆ గోడ తిన్నగా అయ్యాకే నేనొచ్చేది," అంది.

"రెండు రోజుల పని," అన్నాడు బావ. పదకొండో రోజున కూడా ఆ మాటే అంటున్నాడు. ఈలోపు పాప బోర్లా పడింది. ఆ సంగతి ఆయన ఫోన్లో వినాల్సి వచ్చింది.

పని చూస్తే చిన్నదే. అది ఇటుక గోడ కాదు, ఇనప పట్టీలకి జిప్సం బోర్డులు స్క్రూలతో బిగించిన గోడ. మధ్యలో ఒక బోర్డు ముందుకు ఉబ్బింది. దానికి అటూ ఇటూ పుట్టీ పట్టించి సమం చేస్తే సరిపోతుందనుకున్నాడు. ముందు హాలు గోడ మీద చెయ్యి అలవాటు చేసుకుని, తర్వాత దీని మీద పడ్డాడు. బడి నుంచి రాగానే పుట్టీ పూసే బ్లేడు పట్టేవాడు. చీకటి పడ్డాక లైటు గోడకి పక్కగా పెట్టి చూసేవాడు. అలా పెడితే గోరంత ఎత్తుకి కూడా నీడ పడుతుంది. నీడ లేదని చూసుకుని, గది ఊడ్చి పడుకునేవాడు.

పొద్దున లేస్తే... పొట్ట ఉన్నచోటే ఉండేది. ఊడ్చిన నేల మీద తెల్లటి పొడి.

మొదట తనని తాను తిట్టుకున్నాడు. తర్వాత పుట్టీని, అది అమ్మినవాణ్ణి, అసలు ఈ బోర్డులు కనిపెట్టినవాణ్ణి. ఆరో రోజున బ్లేడు విసిరికొట్టాడు. అది గోడకే తగిలి ఇంకో గుంట పడింది. "ఏడుపు ఒక్కటే తక్కువరా," అన్నాడు నాతో.

పదకొండో రాత్రి ఆయన పడుకోలేదు. లైటు ఆర్పి, స్విచ్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

రెండు దాటింది. వెనక తలుపు తాళం... టక్కుమంది.

అడుగులు లోపలికొచ్చాయి. టార్చి లేదు, తడబాటు లేదు — కళ్లు పొడుచుకున్నా కనపడని చీకట్లో, ఎవరో నేరుగా గోడ దగ్గరికి నడిచి ఆగారు.

బర్ర్... బర్ర్... బర్ర్...

బావకి ఒళ్లంతా చెమటలు. అప్పుడు ముక్కులోకి పొడి వెళ్లింది — సాయంత్రం మూడు గంటలు నిలబడి తను పట్టించిన పుట్టీ. భయం ఎటు పోయిందో పోయింది, కోపం నెత్తికెక్కింది. స్విచ్ వేశాడు.

గోడ ముందు ఒక ముసలాయన. చేతిలో ఎమరీ కాగితం, తల నిండా తెల్లటి పొడి. అంత వెలుతురు పడినా రెప్ప వేయలేదు.

"ఎవరు..." అన్నాడు బావ.

"నువ్వా?" ముసలాయన పళ్లు కొరికాడు. "నువ్వు పూస్తావు, నేను గీకుతాను. మళ్లీ పూస్తావు. స్క్రూలన్నీ కప్పేస్తుంటే తెల్లారేలోపు ఎక్కడని వెతకను?"

పక్కింటి మేస్త్రీ. చూపు పోయి చాలా ఏళ్లయింది. చూపు మసకబారుతున్న రోజుల్లో చేసిన ఆఖరి పని ఈ గోడ. లోపల ఒక పట్టీ వంకరగా నిలబెట్టి, తెలిసి కూడా పుట్టీతో కప్పేశాడు. అప్పటి తాళంచెవి ఆయన దగ్గరే ఉండిపోయింది. ఇల్లు చేతులు మారినప్పుడల్లా ఎవరో ఒకరు పుట్టీ పూయడం, బోర్డు విప్పి పట్టీ సరిచేద్దామని నిద్ర పట్టని రాత్రి ఈయన వచ్చి స్క్రూల కోసం గీకడం.

"పగలొచ్చి చెప్పొచ్చుగా మేస్త్రీ గారూ?"

"నలభై ఏళ్లు మేస్త్రీ అనిపించుకున్నాను బాబూ... ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

బావకి తిట్టాలనే ఉంది. అయినా వెళ్లి స్క్రూడ్రైవర్ తెచ్చాడు.

మేస్త్రీ తడిమి చూపించాడు, బావ స్క్రూలు తిప్పాడు. తెల్లారేసరికి పట్టీ నిటారుగా నిలబడి, బోర్డు దాని మీద సమంగా కూర్చుంది. పుట్టీ మాత్రం మేస్త్రీయే పూశాడు. బయటికి పొక్కనివ్వనని బావ మాటిచ్చాడు. నాక్కూడా మేస్త్రీ పోయాకే చెప్పాడు.

ఆదివారం అక్కని, పాపని నేనే తీసుకెళ్లాను. అక్క తిన్నగా వెనక గదిలోకి నడిచింది. లైటు పక్కగా పెట్టి చూసింది. అరచేత్తో ఈ చివర నుంచి ఆ చివర దాకా రాసి చూసింది. ఎక్కడా ఎత్తు లేదు, పల్లం లేదు.

"ఇది మీ చేతి పని కాదు," అంది. "ఎవరు చేశారు?"

బావ కిటికీలోంచి పక్కింటి వైపు చూశాడు. పాపని ఎత్తుకుంటూ మెల్లగా అన్నాడు — "దెయ్యం."

నా గుండె ఝల్లుమంది. అక్క మాత్రం ఆయన్ని, ఆయన వెనకాల గతుకుల రోడ్డులా ఉన్న హాలు గోడని మార్చి మార్చి చూసింది.

"అయితే హాల్లోకి కూడా ఓసారి రమ్మనండి," అంది.