కంప్యూటర్ గది బయట జోళ్ళు

"శత్రువుల ప్రోగ్రామ్ రాజోలు గ్యాస్ కంట్రోల్ రూమ్‌లో దూరింది. వాల్వులన్నీ మూసేసింది. ప్రెషర్ ఎర్రగీత దాటిందా, పైపు పేలుతుంది. ఊరు ఖాళీ చేయించే టైము లేదు. విరుగుడు ఫ్లాపీ నీ దగ్గరుంది. హార్డ్‌వేర్ లాక్ మన ఏజెంట్ మాధవీలత తెస్తుంది. కదులు!"

వైర్‌లెస్‌లో చీఫ్ గొంతు ఆగిపోయింది. ఏసీ మెకానిక్ వేషంలో ఉన్న యాకోబు కంట్రోల్ రూమ్ వైపు పరుగెత్తాడు. ఆ పైపు వెళ్ళేది అతని అక్క వీరాయమ్మ పెరటి వెనకనుంచే!

కంట్రోల్ రూమ్ గుమ్మంలో ఆపరేటర్ సత్తిరాజు చేతులు అడ్డం పెట్టాడు. "జోళ్ళు బయట వదలండి. దుమ్మొస్తే కంప్యూటర్ పాడైపోద్దండి."

ఓరి నీ దుమ్ము బంగారం గానూ! యాకోబు బూట్లు విసిరేసి లోపలికి ఉరికాడు. అప్పుడే వచ్చిన నల్లకళ్ళద్దాల మాధవీలత ఒక్క క్షణం తటపటాయించి, హై హీల్స్ గుమ్మం పక్కన విడిచింది.

ఫ్లాపీ పెట్టగానే తెరమీద ఒకటే మాట వచ్చింది: లాక్ లేదు.

"లాక్ ఏదీ? అది కంప్యూటర్ వెనక గుచ్చితేగాని ఈ ప్రోగ్రామ్ వాల్వులకి ఆర్డరివ్వదు."

"దారిలో శత్రువుల ముఠావాళ్ళు లాక్కున్నారు, యాకోబుగారూ. సారీ."

"పోనీ కరెంటు పీకేద్దామాండి?" అన్నాడు సత్తిరాజు.

"పీకితే మూసిన వాల్వులు మూసినట్టే బిగుసుకుపోతాయి. తెరవమని చెప్పే సాఫ్ట్‌వేర్ కూడా చచ్చిపోతుంది."

ప్రెషర్ ముల్లు ఎర్రగీత వైపు పాకుతోంది. ఈ పాటికి అక్క పెరట్లో చేపలు తోముకుంటూ ఉంటుంది. యాకోబుకి ఏడుపొచ్చినంత పనైంది. దిక్కుతోచక మాధవీలత వైపు తిరిగాడు. ఆమె ముల్లు వైపు చూడటం లేదు. గుమ్మం అవతల జోళ్ళ వైపే చూస్తోంది.

ఊరు పేలిపోతుంటే జోళ్ళమీద బెంగా?

ఒక్క గెంతులో గుమ్మం దాటి, హై హీల్ అందుకుని మెట్టుకేసి కొట్టాడు. మడమ ఊడింది. లోపల బొటనవేలంత లాక్!

వెనక మాధవీలత చేతిలో పిస్టల్ క్లిక్‌మంది.

"కంప్యూటర్ రూములో తుపాకీలేంటండీ!" అంటూ సత్తిరాజు స్టూలెత్తి ఆమె చేతిమీద వేశాడు. పిస్టల్ ఎగిరి మూలకి పడింది.

యాకోబు ప్రింటర్ వైరు పీకి, అక్కడ లాక్ గుచ్చి, ఎంటర్ నొక్కాడు. ముల్లు ఎర్రగీతని తాకింది. తెరమీద అక్షరాలు కదిలాయి. ఒక్కొక్క వాల్వే తెరుచుకుంది. ముల్లు దిగింది.

మధ్యాహ్నం వీరాయమ్మ గరిటె పట్టుకునే ఇంటి గుమ్మంలోకి వచ్చింది. "పొద్దున్నే ఊళ్ళోకి వచ్చేవంట కదరా! అక్క బతికుందో లేదో చూడాలని ఇప్పటికి తోచిందా?"

యాకోబు కళ్ళు తుడుచుకున్నాడు.

"పొద్దున్నుంచీ అదే చూస్తున్నానక్కా."