మెడ వంగిన పానా

షెడ్డు గోడకి సున్నం వేస్తానని నాన్న అన్నప్పుడల్లా ఆమె ఏదో ఒక అడ్డుపుల్ల వేసేది. ఒకసారి వాన వస్తుందనేది, ఇంకోసారి వచ్చిన వాన ఇంకా ఆరలేదనేది. ఈ రోజు ఆ పప్పులు ఉడకలేదు. పొద్దున్నే ఆయన బకెట్టూ బ్రష్షూ పట్టుకుని గోడ ముందు నిలబడ్డారు.

అది మామూలు గోడ కాదు. వాళ్ళు మోటార్‌హోమ్ అద్దెకిస్తారు. లోపల మంచం, పొయ్యి, నీళ్ళ ట్యాంకు, అన్నీ ఉన్న ఇంటిబండి. దారిలో దానికి ఏం జరిగినా పనికొచ్చే సామాను మొత్తం ఆ గోడకి వేలాడుతూ ఉంటుంది. ఒక్కో పనిముట్టుకి ఒక్కో మేకు, మేకు కింద నల్ల పెయింటుతో దాని ఆకారం. సుత్తి తీస్తే గోడ మీద సుత్తి బొమ్మ మిగులుతుంది. బండి తిరిగొచ్చాక అన్నీ మళ్ళీ మేకులకి ఎక్కాలి. ఏదైనా బొమ్మ ఖాళీగా మిగిలితే, ఆ వస్తువు దారిలో జారిపోయినట్టే.

ఇప్పుడు ఒక్క బొమ్మ ఖాళీగా ఉంది. మెడ వంగిన పానా.

మామూలు పానా డైనమో వెనక బోల్టుకి అందడం లేదని, నాన్న తన కుర్రతనంలో నిప్పుల్లో కాల్చి వంచిన పానా అది. ప్రపంచంలో ఇంకే కొట్లోనూ దొరకదు.

"ఆ ఖాళీ చూస్తుంటే కంట్లో నలుసులా ఉందమ్మా," అన్నారు నాన్న. "గోడకి సున్నం కొట్టేసి సొరుగుల బీరువా తెప్పిస్తాను. అన్నట్టు, ఆ బస్సులాయన వాళ్ళబ్బాయి సంబంధం. సాయంత్రం ఫోన్ చేస్తారు. ఏం చెప్పమంటావు?"

"సున్నం మధ్యాహ్నం వేద్దాం నాన్నా."

"నేనడిగింది సున్నం గురించి కాదు తల్లీ."

ఆమె గుడ్డ తీసుకుని వీల్ స్పానర్ తుడవడం మొదలుపెట్టింది. అది అప్పటికే అద్దంలా మెరుస్తోంది.

*

రెండు వానాకాలాల కిందట, సరిగ్గా ఇలాంటి ముసురు రోజుల్లోనే, ఆమె షెడ్డులోంచి బయటికొచ్చేసరికి ఒక కుర్రాడు బండి డిక్కీలోంచి జాకీని కిందికి దింపుతున్నాడు. పక్కన అప్పటికే స్టెపినీ, బ్యాటరీ కేబుళ్ళు, చక్రాల కింద పెట్టే చెక్క దిమ్మలు నేల మీద పడున్నాయి.

"హలో! ఏం చేస్తున్నారు?"

"చోటు చేస్తున్నానండీ. మా నాయనమ్మ ఊగుడు కుర్చీ పట్టడం లేదు."

"జాకీ తీసేసి కుర్చీ పెడతారా? పంచరైతే బండిని కుర్చీతో లేపుతారా?"

"మా నాయనమ్మ ఆ కుర్చీలో కూర్చుని ఒక్క కేక వేస్తే చాలండీ, బండి దానంతటదే లేస్తుంది."

"ఒరేయ్, నాకు వినపడుతోంది!" బండి లోపలి నుంచి కేక వచ్చింది. బండి లేవలేదు గానీ ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

నాయనమ్మకి సముద్రం చూడాలని ఎప్పటి నుంచో కోరిక. తాతయ్య చూపిస్తానని చూపించకుండానే వెళ్ళిపోయాడు. ఆవిడ నడుము బస్సులకీ రైళ్ళకీ ఒప్పుకోదు. అందుకని మంచంతో సహా వెళ్ళే ఏర్పాటు చేశాడు మనవడు.

"మీరేం పని చేస్తారు?" అంది ఆమె.

"గడియారాలు బాగుచేస్తాను. నా సామానంతా ఈ జేబులో పడుతుంది. మీకే ఇంత లగేజీ." అంటూ జేబులోంచి వెంట్రుకంత సన్నటి మొనతో ఒక బుల్లి స్క్రూడ్రైవర్ తీసి చూపించాడు.

"బాగుంది. పళ్ళు కుట్టుకోవడానికి పనికొస్తుంది," అంది. "ఇప్పుడు నేనడిగినవాటికి జవాబులు చెప్పండి. అన్నీ కరెక్టయితేనే తాళం ఇస్తాను. ఫ్యూజు పోతే?"

"కొత్త ఫ్యూజు."

"నీళ్ళ పైపు కారితే?"

"క్లిప్పు బిగిస్తాను. లేదా టేపు చుడతాను."

"ఫ్యాన్ బెల్టు తెగితే?"

"మీకు ఫోన్ చేస్తాను."

"నేను స్పేర్ పార్టుని కాదు!"

"కాకపోయినా, చాలా అవసరమైన ఐటమ్‌లా ఉన్నారు ఇన్‌స్పెక్టర్ గారూ."

ఆమెకి కోపం రావాలి. వచ్చినట్టు మొహం పెట్టింది కూడా. కానీ పెదవి చివర నవ్వు జారిపోయింది. అతను అది చూడనే చూశాడు. చివరికి దిమ్మల్ని మంచం కిందికి తోసి, కుర్చీని తాడుతో బండి వెనక నిచ్చెనకి తనే బిగించి కట్టింది. సామానూ తగ్గలేదు, కుర్చీ ప్రయాణమూ ఆగలేదు.

మర్నాడే ఫోన్ మోగింది.

"ఇన్‌స్పెక్టర్ గారూ, మీ నోటి మాట పొల్లు పోలేదు. బెల్టు తెగింది."

అటువైపు వాన హోరు, ఇటువైపు వాన హోరు. "ఇంజను ఆపారా? చల్లారనివ్వండి. పెద్ద డబ్బా తెరవండి. కొత్త బెల్టు పక్కనే, మెడ వంగిన పానా ఉంటుంది."

"ఉంది. పాపం, దీనికి మెడ పట్టేసినట్టుంది."

"జోకులాపి డైనమో వెనక బోల్టు వదులు చేయండి. డైనమోని లోపలికి నెట్టండి. బెల్టు ఎక్కించండి. మళ్ళీ బయటికి లాగి బిగించండి. వేలితో నొక్కితే కొంచెం మాత్రమే లోపలికి పోవాలి."

కాసేపు వాన చప్పుడే. ఆ తర్వాత ఇంజను గర్జించింది. దాని వెనకే అతని అరుపు: "తిరుగుతోంది! నాయనమ్మా, తిరుగుతోంది!"

"ఆ పిల్ల గొంతు బాగుందిరా," అన్న మాట కూడా స్పష్టంగా వినపడింది.

ఆ రోజు నుంచి బండికి లేని రోగం లేదు. తలుపు కిర్రుమంటోందని ఒక ఫోన్. ఏ టార్చికి ఏ సెల్లు వేయాలని ఇంకో ఫోన్. కుళాయి వాషరు మార్చడానికి అన్నం ఉడికేంతసేపు మాట్లాడుకున్నారు. ఒక సాయంత్రం అతను ఏ రోగమూ చెప్పకుండా ఫోన్‌ని సముద్రం వైపు తిప్పి పట్టుకున్నాడు. ఆమె షెడ్డులో స్టూలు మీద కూర్చుని అలలు విన్నది. ఆ ట్రిప్పంతా ఆమె ఫోన్‌ని చేతికి అందేంత దూరంలోనే పెట్టుకుంది. ప్రేమంటే ఇదేనా అని అడిగితే, ఛ, కస్టమర్ సర్వీస్ అని దబాయించేది. అడిగింది కూడా తనే కాబట్టి సరిపోయింది.

బండి తిరిగొచ్చిన రోజు ఆమె కొత్త జుంకాలు పెట్టుకుంది. అన్నాళ్ళూ అలవాటైన గొంతు మనిషై ఎదురుగా నిలబడేసరికి సిగ్గు ముంచుకొచ్చింది. సిగ్గు దాచుకోవడానికి ఆమెకి తెలిసిన దారి ఒక్కటే, పెత్తనం. సామానంతా గోడకెక్కిస్తూ ఒక్కొక్కటీ పేరు పెట్టి పిలిచింది. అన్నీ పలికాయి. మెడ వంగిన పానా పలకలేదు.

ఇద్దరూ బండంతా గాలించారు. అతని మొహం పాలిపోయింది. "నిన్న రాత్రి కూడా డబ్బాలోనే ఉందండీ..."

"అది మా నాన్న చేత్తో చేసింది. తెలుసా?" నడుం మీద చేతులు పెట్టుకుని కళ్ళెర్ర చేసింది ఆమె. "దాన్ని తెచ్చేదాకా ఈ గేటు లోపల అడుగు పెట్టకండి!"

సరదాకే అంది. 'అలాగైతే గేటు బయటే కాపురం పెడతాను' అని అతను ఎదురు జోకు వేస్తాడనుకుంది. అతను వేయలేదు. గోడ మీద ఖాళీ బొమ్మని కాసేపు చూసి, "తెచ్చే వస్తాను," అని వెళ్ళిపోయాడు. బయట ఆటోలో నాయనమ్మ మాత్రం చేతిసంచి గుండెకి హత్తుకుని, ఎందుకో తనలో తను నవ్వుకుంటూ కూర్చుంది.

కొన్నాళ్ళకి ఒక పార్సిల్ వచ్చింది. లోపల వంగిన పానా ఒకటి, అతనే వంచినట్టున్నాడు. ఉత్తరం లేదు, ముక్క లేదు. గోడకి పెట్టి చూస్తే మెడ మరీ ఎక్కువ వంగింది. 'సరిపోయిందా?' అని మెసేజ్ వచ్చింది. ఆమె అచ్చం ఇన్‌స్పెక్టర్‌లాగే 'లేదు' అని కొట్టింది. పంపాక నాలుక కరుచుకుంది. రెండో పార్సిల్ వచ్చింది, అందులోది తక్కువ వంగింది. ఈసారి మెసేజ్ రాలేదు. తనే ఫోన్ చేద్దామని ఎన్నోసార్లు నంబరు తీసింది. గేటు మూసింది తనే కదా, ఏ మొహం పెట్టుకుని రమ్మనాలి? ఆ పానాలు రెండూ ఇప్పటికీ ఆమె దిండు పక్క సొరుగులో ఉన్నాయి.

*

మధ్యాహ్నానికి ఆకాశం మళ్ళీ మబ్బేసింది. నాన్న సామానంతా మేకుల మీంచి దింపి బ్రష్షు తడిపారు. పైవరసలో సుత్తి బొమ్మ మాయమైంది, కటింగ్ ప్లేయర్ బొమ్మ మాయమైంది. బ్రష్షు వంగిన పానా బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఆ బస్సులవాళ్ళకి వద్దని చెప్పు నాన్నా."

"ఎందుకని అడిగితే?"

ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని మాట, చివరికి తనకి తను కూడా సరిగ్గా చెప్పుకోని మాట బయటికొచ్చింది. "ఈ పానా తీసుకెళ్ళిన మనిషంటే నాకిష్టం. అతను రాకపోవచ్చు. అయినా ఇష్టమే."

నాన్న బ్రష్షు బకెట్లో పడేశారు. "పోయింది పానా అనుకున్నాను ఇన్నాళ్ళూ," అన్నారు నెమ్మదిగా. కూతురి తల మీద చెయ్యి వేశారు. వేళ్ళకి సున్నం ఉందని గుర్తొచ్చి తీసేశారు గానీ, అప్పటికే ఆమె జుట్టు మీద తెల్లటి గీత పడింది.

అప్పుడే గేటు చప్పుడైంది. గొడుగు వేసుకుని, చేతిసంచితో, ఒక పెద్దావిడ చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ లోపలికొచ్చింది.

"గుర్తుపట్టావా అమ్మాయీ? మీ సొత్తు నా దగ్గరుంది. దొంగని నేనే." సంచిలోంచి మెడ వంగిన పానా తీసింది నాయనమ్మ.

ఆమె ఆ వంగిన మెడని వేలితో తడిమి చూసింది.

"ఇది తిరిగివ్వడానికైనా వాడు మళ్ళీ నీ దగ్గరికి పరిగెత్తుతాడని దాచానమ్మా. దారి పొడుగునా ఆ ఫోన్లు విన్నదాన్ని, నాకు తెలీదా? కానీ వినాయకుణ్ణి చేయబోతే కోతయింది. అది లేకుండా నీకు మొహం చూపించనని వాడు భీష్మించుకు కూర్చున్నాడు."

"మరి అప్పుడే ఇచ్చేయొచ్చుగా నాయనమ్మా!"

"నోరు తెరిస్తే దొంగని నేనవుతానుగా! అందుకని తెలివిగా మా గోడ గడియారంలో పెట్టాను, లోలకం కింద. గడియారం ఆగిపోయింది. వీడు గడియారాల డాక్టరు కదా, రెండు రోజుల్లో తెరుస్తాడు, దొరుకుతుంది అనుకున్నా. 'ఒరేయ్, గడియారం ఆగిందిరా' అని రోజూ మొత్తుకున్నా. 'చూస్తాలే నాయనమ్మా' అనేవాడు. ఊళ్ళో వాళ్ళ గడియారాలన్నీ తిరిగాయి. మా ఇంట్లో మాత్రం నువ్వు గేటు మూసిన రోజు నుంచి టైము కదల్లేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా? నిన్న నేను అన్నం ముట్టనని మొండికేస్తే అప్పుడు తెరిచాడు."

"మరి... ఆయనేరీ?"

"గేటు బయట. నువ్వు లోపలికి రావద్దన్నావట కదా."

వాన అందుకుంది. ఆమె గొడుగు సంగతే మర్చిపోయి పరిగెత్తింది. గేటుకి అటువైపు అతను తడుస్తూ నిలబడున్నాడు, కొంచెం చిక్కాడు. చూడగానే ఆమెకి కళ్ళు నిండాయి. నోటికి మాత్రం ఎప్పటి గొంతే వచ్చింది.

"బుద్ధుందా మీకు? ఎవరైనా సరదాగా అంటే నిజం అనుకుంటారా?"

"మీరు సరదాగా అన్నారని నాకెలా తెలుస్తుందండీ? కళ్ళు అంత ఎర్రగా చేశారు."

"ఇన్నాళ్ళు రాకుండా ఎలా ఉన్నావు?" ఆ 'నువ్వు' ఎప్పుడు జారిందో ఆమెకే తెలియలేదు.

అతనూ ఆ పిలుపుని అందుకున్నాడు. "ఉండలేకే పానాలు వంచాను. రెండోది సరిపోతుందనుకున్నాను. నీ మాట రాకపోయేసరికి, నేనే సరిపోనేమో అనుకున్నా."

"నీకు కొలతలు రావు," అంది ఆమె, ఏడుస్తూ నవ్వుతూ గేటు తీసి. "రా లోపలికి. ఆ పానా లేకపోయినా తీసేదాన్నే. నువ్వొచ్చి ఒక్కసారి తట్టుంటే చాలు."

"ప్రేమిస్తున్నానని చెప్పడానికే వచ్చాను. పానా ఇవ్వడం నాయనమ్మ పని."

షెడ్డులో నాన్న పానాని చేతిలో తిప్పి తిప్పి చూసుకుంటున్నారు. అతను తల దించుకుని, "సారీ అంకుల్," అన్నాడు.

"అంకులేంట్రా? మామయ్యగారు అను!" కసిరింది నాయనమ్మ.

నాన్న నవ్వలేదు. పానాని దాని మేకుకి తగిలించి, నల్లబొమ్మ మీద సరిగ్గా కూర్చుందో లేదో చూశారు. తర్వాత అతని వైపు చెయ్యి చాపారు. "నీ జేబులో ఏదో బుల్లి స్క్రూడ్రైవర్ ఉంటుందట. మా అమ్మాయి చెప్పేది. ఇటివ్వు."

అతను ఇచ్చాడు. నాన్న వంగిన పానా పక్కన ఒక చిన్న మేకు కొట్టారు. సున్నం బకెట్టు కాలితో పక్కకి జరిపి, అటక మీది నల్ల పెయింటు డబ్బా దింపి, ఆ బుల్లి స్క్రూడ్రైవర్‌ని గోడకి ఆనించి చుట్టూ జాగ్రత్తగా గీత గీశారు. లోపల నలుపు నింపారు.

"ఇక నుంచి ఈ గోడకి ఇది కూడా చేరింది," అన్నారు, బ్రష్షు తుడుచుకుంటూ. "పగలు ఎక్కడ తిరిగినా సరే, సాయంత్రానికి ఇది ఇక్కడికి చేరాలి. అంతవరకూ మా అమ్మాయి గేటు మూయదు."