వెల్మా అమ్మని కొయ్యగుర్రాలు

కాన్సస్ రాష్ట్ర పన్నుల శాఖ రాసిన ఉత్తరాన్ని డిటెక్టివ్ ఇర్మా స్ట్రిక్లండ్ బల్లమీద పెట్టి, వెల్మా హాస్కెట్ కూర్చోవడం కూడా మరిచి అలాగే నిలబడిపోయింది. తన వెబ్‌సైట్‌లో బొమ్మలు అమ్మి, కొన్నవాళ్ల దగ్గర అమ్మకం పన్ను వసూలు చేసి, రెండేళ్లుగా ప్రభుత్వానికి జమ చేయలేదట. వెంటనే కట్టకపోతే ఇల్లు జప్తు.

"నాకసలు వెబ్‌సైటే లేదండీ," అంది.

ఆమె కొయ్యగుర్రాలు చెక్కి, ఒక పెద్ద ఆన్‌లైన్ అంగడి ద్వారా అమ్ముతుంది. అక్కడి అమ్మకాల మీద పన్ను ఆ అంగడివాళ్లే పట్టుకుని రాష్ట్రానికి కట్టేస్తారు. సొంత సైట్‌లో అమ్మితే మాత్రం ఆ పూచీ అమ్మినవాళ్లదే. అందుకే భర్త పోయాక ఆయన పెట్టిన సైట్‌ను మూసేయమని ఇంట్లోవాళ్లకు చెప్పింది.

ఇర్మా తాపీగా వివరాలు రాబట్టింది. వెల్మా పనిలో పాలుపంచుకునేవాళ్లు ఇద్దరే. కూతురు టెస్ ఫొటోలు తీస్తుంది. పక్క ఊరు ఎల్డన్‌లో ఇనుపసామాన్ల కొట్టున్న అన్న డ్వైట్ గుర్రాలను పరీక్షించి, పగిలినవాటిని పొయ్యిలో వేసి, బాగున్నవాటిని పార్సిల్ కడతాడు.

ఇర్మా సహాయకుడు నోలన్ రిటైరైన బడిపంతులు. అతని అనుమానం టెస్ మీదే. ఆ ఇంట్లో కంప్యూటర్ తెలిసింది ఆ పిల్లకేగా! ఇర్మా మాత్రం ఇంకా నడుస్తూనే ఉన్న ఆ సైట్‌లో ఒక గుర్రానికి ఆర్డరు పెట్టి, ఉత్తరంతో వచ్చిన రసీదులను అతని ముందు పరిచింది. ఒకటి విచిటాకు, ఒకటి టొపీకాకు, ఒకటి హేస్‌కు. అన్నిటిమీదా పన్ను నూటికి తొమ్మిదింబావు.

"పార్సిల్ ఏ ఊరికి చేరితే ఆ ఊరి రేటు వెయ్యాలి. ఈ మనిషికి తెలిసింది ఒక్క రేటే, నోలన్ గారూ."

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ ఎల్డన్ వెళ్లి డ్వైట్ కొట్లో ఒక డబ్బా మేకులు కొన్నారు. నోలన్ బిల్లును కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివాడు. పన్ను తొమ్మిదింబావు, ఎల్డన్ ఊరి రేటు.

గుర్రం పార్సిల్ అందిన రోజు ఇర్మా ముగ్గురినీ వెల్మా పనిగదిలో కూర్చోబెట్టి, రసీదుల పక్కన ఆ బిల్లు పెట్టింది. సైట్ తాను మూయిస్తానన్నది మావయ్యేనని టెస్ చెప్పింది.

డ్వైట్ కాసేపు బుకాయించాడు. చివరికి, "ఆన్‌లైన్‌లో అమ్మితే పన్ను అంగడివాళ్లే కడతారని వెల్మాయే అందిగా," అని గొణిగాడు.

"మరి మీరు వసూలు చేసిందేం చేశారు?" అంది ఇర్మా. పన్ను, కేసు ఇక డ్వైట్ మెడకేనని, రుజువులన్నీ శాఖకు పంపానని ఆమె వెల్మాకు ధైర్యం చెప్పింది.

వెల్మా ఆ మాట విన్నట్టు లేదు. పార్సిల్ విప్పి గుర్రాన్ని చేతిలోకి తీసుకుంది. మెడ, వీపు, నాలుగు కాళ్లూ వేలితో తడిమి చూసింది. ఎక్కడా పగులు లేదు.

"ఇలాంటివన్నీ పగిలాయని, కాల్చేశానన్నావు."

వెల్మా గుర్రాన్ని బల్లమీద పెట్టి, తన చేతులకేసి చూసుకుంది.

"అన్ని గుర్రాలు పగులుతున్నాయంటే నా చేతులే పాడైపోయాయనుకుని రెండేళ్లు డాక్టర్ల చుట్టూ తిరిగాను, అన్నయ్యా. ప్రతిసారీ కార్లో తీసుకెళ్లింది నువ్వే."