ఆపరేషన్ బాగా పొడుగు

చీఫ్ బల్ల మీద ఒక ఫారం పెట్టి వేలితో తట్టాడు. అందులో ‘కొరియర్ ఈ ఓడలోనే ఉన్నాడా?’ అన్న ప్రశ్న కింద రెండే గడులున్నాయి. ఒకటి ‘అవును’, రెండోది ‘కాదు’.

“ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టి సంతకం చెయ్యి. మిషన్ క్లోజ్.”

ఏజెంట్ కందిరీగ ఫారం వంక చూసింది గాని పెన్ను తీయలేదు. గోడ గడియారంలో ఒంటిగంటా నలభై. ఓడ ఐదింటికి బయలుదేరుతుంది. కందిరీగ అనేది డిపార్ట్‌మెంటు ఇచ్చిన కోడ్ నేమ్. ఆమె కోపం ఒక్కసారి చూసినవాళ్ళెవరూ ఆ పేరెందుకు పెట్టారని అడగరు.

సంగతి ఇది. శత్రుదేశంలో మారుపేర్లతో పనిచేస్తున్న పదకొండుమంది ఏజెంట్ల జాబితా మూడు రోజుల కిందట ఈ ఆఫీసులోంచే లీకైంది. అమ్ముకున్న గుమాస్తా దొరికాడు. జాబితా ఉన్న మెమొరీ కార్డు మాత్రం అప్పటికే ‘గద్ద’ ముఠా కొరియర్ చేతిలో పడింది. వాడు ఇవాళ్టి ఓడ ఎక్కుతున్నాడు. ఓడ అవతలి తీరం చేరితే పదకొండు తలలు తెగుతాయి. ఆ జాబితాలో నాలుగో పేరు అక్కడ గడియారాలు బాగుచేసే షాపు నడుపుతున్న మనిషిది. అతను కందిరీగ మొగుడు.

ముఠా లోపల డిపార్ట్‌మెంటుకి ఉన్న ఒకే ఒక్క దిక్కు నెమలి. డబుల్ ఏజెంట్. ఆమె గదిలోకి వస్తే మగవాళ్ళు మాట మధ్యలో ఆపేస్తారు, ఆడవాళ్ళు ఆమె చెప్పుల మడమల ఎత్తు లెక్కగడతారు. ఈ పొద్దున ఆమె నుంచి ఒక సందేశం వచ్చింది. ఆ తర్వాత లైన్ తెగిపోయింది.

“మనిషి బాగా పొడుగు. నడివయసు. సామాను తేలిక. ఐదింటి ఓడ.”

అంతే. పేరు లేదు, ఫొటో లేదు. చీఫ్ ఈ మాటల్ని తన పద్ధతిలో కంప్యూటర్‌కి ఎక్కించాడు. పొడుగంటే 180 సెంటీమీటర్లు, ఆ పైన. నడివయసంటే నలభై నుంచి యాభై. తేలికంటే పది కిలోల లోపు. ఆరువందల పన్నెండుమంది ప్రయాణికుల మీద ఈ జల్లెడ పడితే మిగిలింది సున్నా.

“కొరియర్ లేడన్నమాట. ‘కాదు’లో పెట్టు టిక్కు,” అన్నాడు చీఫ్.

“వాడికి యాభైరెండయితే, సార్?”

“అప్పుడు నడివయసు కాదుగా.”

కందిరీగకి ఆ బల్లకేసి తల బాదుకోవాలనిపించింది. యాభై నిండిన మర్నాడే మనిషి ముసలివాడైపోతాడా? ఎదురుగా కూర్చున్న పెద్దమనిషికి యాభై ఎనిమిది. జుట్టుకి రంగేసుకుని లిఫ్టు ఉన్నా మెట్లెక్కి వస్తాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది గాని మింగేసి, ఫారం మడిచి కోటు జేబులో కుక్కుకుని డేటా రూమ్‌కి నడిచింది.

డేటా రూమ్‌లో కిటికీ లేదు. మూడు తెరలు, గీక్కుంటూ తిరిగే ఒక ఫ్యాను, మూతగా కాగితం పెట్టిన టీ కప్పు. వాటి మధ్య కూర్చున్నది కందిరీగ ఆడపడుచు, ఆ గడియారాల మనిషికి స్వయానా చెల్లెలు. ఆఫీసులో ఆమెని అందరూ ‘సుమారు’ అంటారు. టీ వేడిగా ఉందా అంటే ‘0.4’ అంటుంది. కందిరీగ కాపురానికి వచ్చిన కొత్తలో, వంటెలా ఉందని మురిపెంగా అడిగితే, ‘బాగుంది అనే సెట్‌లో 0.55 వదినా’ అంది. ఆ రోజు నుంచి వదినామరదళ్ళిద్దరికీ ఉప్పూ నిప్పూ.

“చీఫ్ గారు కత్తి పెట్టి కోసేశారు వదినా,” అంది సుమారు. “180 వాడు పొడుగు, 179 వాడు పొట్టి. మనుషులు అలా మాట్లాడరు.”

తెర మీద ఒక ఏటవాలు గీత గీసింది. ఇది ఫజీ సెట్. లోపలివాళ్ళు, బయటివాళ్ళు అని రెండు ముక్కలు చేయకుండా, ఒక మాటకి ఎవరెంతవరకు సరిపోతారో సున్నా నుంచి ఒకటి దాకా మార్కు వేస్తుంది. 165 దగ్గర సున్నా. 185 దగ్గర ఒకటి. 175 వాడు సగం పొడుగు, 183 వాడు 0.9. మాటకి ముందు ‘బాగా’ ఉంటే మార్కుని దానితోనే గుణించాలి. అప్పుడు 0.9 కాస్తా 0.81 అవుతుంది, సగంవాడు పావులోకి దిగిపోతాడు. వయసుకి మరో గీత, సామానుకి మరోటి. మూడూ కలిసి రావాలి గనక మూడు మార్కుల్లో ఏది తక్కువైతే అదే ఆ మనిషి లెక్క. రెండు సబ్జెక్టుల్లో వందొచ్చినా మూడోదాంట్లో తప్పితే తప్పినట్టేగా, అని సుమారు వివరించింది.

కందిరీగ అంతా విన్నది. వింటున్నంతసేపూ గడియారం చూస్తూనే ఉంది.

ఈసారి సున్నా రాలేదు. ఒక వరస వచ్చింది. మొదటివాడు పియానోలు శ్రుతి చేసే ఆయన: 183 సెంటీమీటర్లు, యాభైరెండేళ్ళు, సామాను ఆరు కిలోలు. మార్కు 0.7. రెండోవాడు లైట్‌హౌసులకి దీపాలమ్మే సేల్స్‌మన్: 194 సెంటీమీటర్లు, యాభైమూడేళ్ళు, పదకొండు కిలోలు. మార్కు 0.6. మిగతావాళ్ళు చాలా కింద ఉన్నారు.

“అయితే ఈ పియానో ఆయనేనా?”

“0.7.”

“అవునా, కాదా?”

“0.7, వదినా.”

“మీ అన్న ప్రాణాలు నీ దశాంశాల మీద వేలాడదీయమంటావా?”

సుమారు పెన్సిలు కింద పెట్టబోతే అది బల్ల అంచున ఆగక దొర్లిపోయింది. కందిరీగ దాన్ని ఏరి ఆమె ముందు పెట్టి బయలుదేరింది.

మూడింటికి ఆమె రేవులో, ఓడ మెట్ల దగ్గర ఉంది. తెల్లకోటు, ముఖానికి మాస్కు, చేతిలో జ్వరం చూసే థర్మామీటరు. హెల్త్ చెకప్ వేషం. చెవిపోగులో ఇయర్‌పీస్. జేబులో టెక్నికల్ సెక్షన్ వాళ్ళిచ్చిన పెన్ను ఉంది. మెమొరీ కార్డు దగ్గరికొస్తే అది ఎర్రగా వెలుగుతుందట. ఆమె చేతిగడియారాన్ని చూసి వెలిగింది, కోటు గుండీని చూసి వెలిగింది, ఒక చంటిపిల్ల గిలక్కాయని చూసి కూడా వెలిగింది. విసుగొచ్చి కట్టేసింది.

పులి మీద పుట్రలా కెప్టెన్ ఒకడు. ఓడ పరాయి దేశానిది, ఇక్కడి చట్టం దాని మీద చెల్లదు. గంటసేపు బతిమాలితే ఒక్క మనిషిని, పది నిమిషాలు సోదా చేసుకోమన్నాడు. ఆ ఒక్కడూ తప్పయితే రెండోవాడి మాట ఎత్తొద్దన్నాడు. ఓడ సరిగ్గా ఐదింటికి కదులుతుందని రెండుసార్లు చెప్పాడు.

నాలుగూ ఐదుకి పియానో ఆయన వచ్చాడు. సన్నటి పొడుగాటి వేళ్ళు, ఒక పనిముట్ల పెట్టె. కందిరీగ అతని నుదుటికి థర్మామీటరు ఆనించి, మెట్ల మీదున్న కెప్టెన్‌కి సైగ చేయడానికి చెయ్యెత్తింది.

“ఆగు వదినా,” అంది చెవిలో సుమారు. “నేను గీసింది మామూలు జనం అనుకునే పొడుగు. ఈ మాటన్నది నెమలి. నెమలి లెక్కలో పొడుగు ఎక్కడ మొదలవుతుందో నాకు తెలీదు.”

“ఇప్పుడా చెప్పడం?”

ఇప్పుడే తట్టిందంది సుమారు. నెమలే చాలా పొడుగు. ఆ ఎత్తు నుంచి చూసేవాళ్ళకి లోకమంతా పొట్టిగానే కనపడుతుంది. ఆమె పాత రిపోర్టుల్లో ఎవరినేమందో చూస్తే, ఆ మనుషుల అసలు ఎత్తులు డిపార్ట్‌మెంటు దగ్గరున్నాయి గనక, గీత సరిచేయొచ్చు. రిజిస్టర్లో ఎనిమిది రిపోర్టులున్నాయి. ఏడింట్లో ఎవరి ఎత్తు గురించీ ఒక్క ముక్క లేదు. మిగిలిన ఒక్కటి, ఆమె ఈ ఆఫీసుకి వచ్చివెళ్ళాక రాసింది, రెండేళ్ళుగా చీఫ్ ఇనప్పెట్టెలో ఉంది, దాని మీద టాప్ సీక్రెట్ ముద్ర.

చీఫ్ లైన్లోకి వచ్చి అది బయటపెట్టడం కుదరదన్నాడు. కారణం అడిగితే దేశ భద్రత అన్నాడు. ఏ దేశానిదని సుమారు అడిగితే దగ్గాడు. అవతల పియానో ఆయన మెట్లెక్కి లోపలికి వెళ్ళిపోయాడు. వరసలో నిలబడ్డ ఒక ముసలావిడ, తనకి జ్వరమేమైనా ఉందా అని మూడోసారి అడుగుతోంది. కందిరీగకి తలప్రాణం తోకకొచ్చింది. మాస్కు వెనక పళ్ళు బిగించి అంది.

“సార్, నా మొగుడి మెడ మీద కత్తి ఉంది. ఆ కాగితం మీరు తీస్తారా, నన్నొచ్చి తీయమంటారా?”

కాసేపటికి ఇనప్పెట్టె తాళం తిరిగిన చప్పుడు. కాగితం రెపరెప. సుమారు పాఠం చదివినట్టు చదివింది.

“మీ చీఫ్ పొట్టి. ఆయన డ్రైవరు మధ్యరకం. గుమ్మంలో గార్డు కాస్త పొడుగు.”

రెండేళ్ళుగా ఈ దేశ భద్రతకి పట్టిన ముప్పు అదన్నమాట. ఇంకోరోజైతే కందిరీగ పడీ పడీ నవ్వేది. ఇప్పుడు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఒక మనిషి పరువు సెంటీమీటర్లలో ఉన్నందుకు పదకొండుమంది ప్రాణాలు తాళం లోపల కూర్చున్నాయి.

“చీఫ్ 173, డ్రైవరు 181, గార్డు 187,” అంటోంది సుమారు, కీబోర్డు టకటకల మధ్య.

“నూట డెబ్బైమూడున్నర,” అన్నాడు చీఫ్ మెల్లగా. ఎవరూ పట్టించుకోలేదు.

కొత్త గీత 173 దగ్గర సున్నాతో మొదలై 193 దగ్గర ఒకటికి చేరింది. దాని మీద డ్రైవరు 0.4 దగ్గర, గార్డు 0.7 దగ్గర, నెమలి అన్న మాటలకి అతికినట్టు సరిపోయారు. పియానో ఆయన సగం పొడుగైపోయాడు. ‘బాగా’తో గుణించేసరికి పావులోకి పడ్డాడు. దీపాల సేల్స్‌మన్ మాత్రం ఒకటి దగ్గర కదలకుండా నిలబడ్డాడు.

“ఇప్పుడు వీడి మార్కెంత?”

“అదే 0.6. కానీ వీడికి ముందు ఇప్పుడెవరూ లేరు వదినా. రెండోవాడు 0.25.”

అవునో కాదో సుమారు ఇంకా చెప్పలేదు. చెప్పదని కందిరీగకి అర్థమైంది. ఎవరో ఒకరు అవుననుకుని అడుగేయాలి, ఆ ఒకరు తనే. టైము నాలుగూ నలభై. సేల్స్‌మన్ ఎప్పుడో ఓడెక్కేశాడు.

పద్నాలుగో నంబరు గది. కెప్టెన్ తలుపు తట్టగానే బూడిదరంగు సూటు మనిషి లేచొచ్చాడు. గుమ్మం దగ్గర అలవాటుగా తల వంచాడు, అయినా నుదురు పైకమ్మీకి ఠప్పుమని తగిలింది. నవ్వుతూ రుద్దుకుని, ఏం కావాలో చూసుకోమన్నాడు. ఎదురు వరండాలో నల్లకళ్ళద్దాలు పెట్టుకుని పత్రిక చదువుకుంటున్న ఆవిడ తలెత్తలేదు. ఆ మడమలు చూడగానే ఎవరో కందిరీగకి తెలిసింది. నెమలి ముఖంలో మాత్రం గుర్తుపట్టిన జాడే లేదు. సైగ చేస్తే ముఠా చేతిలో చస్తుంది మరి.

పెట్టెలో చొక్కాలు, దీపాల బొమ్మలున్న పుస్తకాలు, ఒక షేవింగ్ డబ్బా. చొక్కాల కుట్లు తడిమింది. పుస్తకాల అట్టలు చించింది. పరుపు తిరగేసింది. ఏడు నిమిషాలు పోయాయి, ఏమీ దొరకలేదు. మొదటి సైరన్ మోగింది. కెప్టెన్ గడియారం వంక, ఆమె వంక చూశాడు.

మంచం కింద కూడా చూసుకోండని మర్యాదగా దారిస్తూ సేల్స్‌మన్ వరండాలోకి వెళ్ళబోయాడు. తల వంచాడు. మళ్ళీ ఠప్పు.

కందిరీగ మోకాళ్ళ మీదే ఆగిపోయింది. వాళ్ళ నాన్న చాలా పొడుగు మనిషి. ఏ గుమ్మం దగ్గర ఎంత వంగాలో ఆయన మెడకే తెలుసు, ఒక్కసారి కూడా తల తగిలించుకోలేదు. ఇన్నేళ్ళు ఇంత ఎత్తుతో బతికినవాడు అలవాటు ప్రకారం వంగి కూడా రెండు వేళ్ళ తేడాలో కొట్టుకుంటున్నాడంటే, వీడు నిన్నటికన్నా ఇవాళ పెరిగాడు. ఈ వయసులో పెరిగేవాడెవడు?

“బూట్లు విప్పండి,” అంది.

సేల్స్‌మన్ నవ్వు ఆరిపోయింది. మోచేత్తో కెప్టెన్ని తోసి, ఓడ అంచు వైపు పరుగందుకున్నాడు. కార్డు సముద్రంలో పడితే వాడి మీద రుజువే ఉండదు. అతను నాలుగడుగులేశాడు. పత్రిక చదువుతున్న ఆవిడ ఒక కాలు మీద ఇంకో కాలు వేసుకోవడానికి సరిగ్గా అప్పుడే కాలు చాపింది. నూట తొంభై నాలుగు సెంటీమీటర్లూ నేల మీద పరుచుకున్నాయి. అయ్యో నా కాలు తొక్కేశాడు అని ఆవిడ ఓడంతా వినబడేలా గోల పెట్టింది.

కుడి బూటు మడమ మర సీసా మూతలా తిరిగింది. లోపల కార్డు ఉంది. మూడో సైరన్ మోగుతుండగా, పైకి లేస్తున్న మెట్ల మీద నుంచి కందిరీగ, తనని తోశాడని మండిపడ్డ కెప్టెన్ పంపిన ఇద్దరు నావికులు బిగించిపట్టుకున్న సేల్స్‌మన్ చివరి క్షణంలో రేవులో పడ్డారు. కందిరీగ దిగే ముందు, ఓడలోనే ఉండిపోతున్న నెమలి పత్రిక ఏరుకునే నెపంతో వంగి, పెదవి కదపకుండా అంది.

“బాగా పొడుగని చెప్పానుగా. ఇంతసేపా?”

“ఒక్క నంబరు పంపితే ఏం పోయేది నీకు?”

“టేపు పెట్టి కొలవమంటావా వాణ్ణి?”

ఆరున్నరకి అవతలి తీరం నుంచి కోడ్ సందేశం వచ్చింది: ‘గడియారం సరిగ్గా నడుస్తోంది.’ డేటా రూమ్‌లో సుమారు తెర వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. కందిరీగ పక్కనే కుర్చీ లాక్కుని కూలబడింది. ఆకలి, కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి.

“మీ అన్న వచ్చే నెలకి ఇంటికొస్తాడా?”

“0.9.”

“ఒకటి అనవే, నీ సొమ్మేం పోయింది?”

“ఒకటంటే మళ్ళీ మాట మీద నిలబడాలి వదినా.”

ఆ 0.9 వినడానికి కందిరీగకి హాయిగానే ఉంది. జేబులోంచి నలిగిన ఫారం తీసి ‘అవును’లో టిక్కు పెట్టింది.

దాన్ని తీసుకోవడానికి వచ్చిన చీఫ్ తీసుకున్నాక కూడా కదల్లేదు. తెర మీది గీత వంక చూశాడు, తలుపు వంక చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

“అమ్మాయ్, ఈ గీత మీద నేను కాస్తయినా పొడుగు కిందకి వస్తానా? ఆ అర సెంటీమీటరు కూడా కలుపు.”

పదేళ్ళ సర్వీసులో సుమారు నోట దశాంశం లేని మార్కు రావడం అదే మొదటిసారి.

“సున్నా, సార్. ఎంత కలిపినా అంతే. గీత మొదలయ్యేదే మీ తల దగ్గర.”